తుప్పు పట్టని బండి

హిందీ మాట్లాడే ఉక్కు కంపెనీ ఊళ్ళో, బారిడీహ్ బస్తీలో దాలమ్మ పొద్దున్న అయిదున్నరకి లేస్తుంది. ప్లాస్టిక్ చెంబుతో మొహం కడుక్కుని, కూతురు ఈశ్వరి అల్యూమినియం గిన్నెలో కాచిన టీ గాజుగ్లాసులో పోయించుకుని, వీధిగుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. కుర్చీ కూడా ప్లాస్టిక్కే. అప్పటికి ఫస్టు షిఫ్టు మనుషులు ఆ సందులోంచి పోతుంటారు. సైకిలున్నవాడు ఆ ఇంటిముందు దిగి, సైకిలుని తన ఒంటికి అటువైపు చాటుగా పెట్టుకుని నడిపించుకుపోతాడు. దాలమ్మకి ఎవడిమీద ఎప్పుడు ఏవగింపు పుడుతుందో చెప్పలేం కదా. ఆవిడ దేన్నయినా చూసి మనసారా "ఛీ" అన్నదంటే, అందులో ఎంత ఇనుముంటే అంతా తుప్పు పడుతుంది.

శ్రీకాకుళం జిల్లా నుంచి కొత్తకోడలిగా వచ్చిన ఏడే ఈ సంగతి బయటపడింది. ఎవరూ నోరు వెళ్ళబెట్టలేదు. ఒకరికి చక్కెర జబ్బు ఉంటుంది, ఒకరికి ఇదుంటుంది. ఒకసారి కిరాణా కొట్టువాడు తూకంలో నొక్కేస్తే ఆవిడ వాడి మొహంకేసి చూసి ఒక్కమాట అంది. సాయంత్రానికి వాడి జేబులో తాళాలగుత్తి, నడుముకున్న బెల్టు బిళ్ళ ఎర్రటి పొడయి రాలిపోయాయి. మర్నాటినుంచి తూకం సరిగా వచ్చింది.

బస్తీ జనం తెలివైనవాళ్ళు, తిట్టుని కూడా వాడుకోవడం వాళ్ళకి వచ్చు. పాత సైకిలో, పాత బీరువాయో, పాత కుట్టుమిషనో కొనేముందు ఆవిడ దగ్గరకి తెచ్చి ఓసారి ఛీ అనిపించుకుంటారు. మేలైన ఇనుమైతే ఒక పూట ఆగి పైపైన ఎర్రబారుతుంది, నూనెగుడ్డతో తుడిస్తే పోతుంది. నాసిరకమైతే కళ్ళముందే పొట్టు రాలుతుంది. దాలమ్మ రెండు కిళ్ళీలు పుచ్చుకుని పని కానిచ్చేది. ఏవగించుకోవడం ఆవిడకి ఎప్పుడూ కష్టం కాలేదు. ఒక్క మనిషి దగ్గర తప్ప.

ఆ మనిషి అల్లుడు కూర్మారావు. పదకొండేళ్ళ కిందట కంపెనీలో క్రేనుకి కట్టిన పైపు జారి అతని ఎడమ తొడమీద పడింది. ఇ.ఎస్.ఐ. ఆసుపత్రిలో తొడలో రాడ్ వేశారు. అది స్టెయిన్‌లెస్ అమ్మా, ఏం కాదు అని డాక్టరు చెప్పాడు. దాలమ్మ నమ్మలేదు. "ఈశ్వరి సారెలో ఎట్టిన బిందెలూ స్టీన్‌లెస్సే. ఇప్పుడేవి?" అంది. ఆ రోజునుంచి కూతురి పసుపుకుంకాల కోసం అల్లుణ్ణి ఏవగించుకోవడం మానేసింది. అతను నోరు తెరిస్తే ఆవిడ గోడకేసి చూస్తుంది. ఛీ అన్నమాట గొంతుదాకా వస్తే, చీమిడి కారే మూడేళ్ళ పిల్లాడిలా అతన్ని ఊహించుకుని మింగేస్తుంది.

నాకు ఆ ఇబ్బంది లేదు. నా మాటకి మేకు కూడా తుప్పు పట్టదు. కాబట్టి చెబుతున్నాను, కూర్మారావుని మించిన దద్దమ్మ బారిడీహ్‌లో లేడు. ఇరవై రెండేళ్ళనుంచి కాంట్రాక్టరు కింద క్రేను హెల్పరు. ఎవడైనా తనని "ఓనర్ సాబ్" అని పిలవాలన్నదే వాడి జీవితాశయం. ఏం ఓనరు, దేనికి ఓనరు అంటే వాడికే తెలీదు. ఒక ఏడు స్నానాలగదిలో పుట్టగొడుగులు పెంచాడు, ఇంటిల్లిపాదీ మూడు నెలలు వీధి కుళాయి దగ్గర స్నానాలు చేశారు. ఇంకో ఏడు నీళ్ళ డబ్బాల ఏజెన్సీ పెట్టాడు, ఆ డబ్బాల్లో ఇప్పుడు బియ్యం పోసుకుంటున్నారు. ప్రతిసారీ ఈశ్వరి ఒంటిమీద ఒక నగ తగ్గింది. ప్రతిసారీ ఆ మహాతల్లి "సరేనండి" అంది. ఆమెని చూస్తే నాకు ఇంకా ఒళ్ళు మంట.

ఈసారి పికప్ బండి. పాతది, డీజిలుది. మీటరు మీద రెండు లక్షల ఎనభై ఆరువేల కిలోమీటర్లు. గమ్హరియాలో ఫ్యాక్టరీల నుంచి ఆదిత్యపూర్ షెడ్లకి సామాను తోలితే రోజూ పండగే అని కూర్మారావు లెక్క. బండికి సగం సొమ్ము ముందివ్వాలి, మిగతాది ఫైనల్ డబ్బుల్లోంచి. ఫైనల్ అంటే ఉద్యోగానికి దణ్ణం పెట్టి, గేట్ పాస్ ఒప్పజెప్పి, పి.ఎఫ్. అంతా ఊడ్చుకుని రావడం. గేట్ పాస్ ఒకసారి ఒప్పజెప్పితే, యాభైకి దగ్గరపడిన కుంటికాలి మనిషికి మళ్ళీ ఇచ్చేవాడు ఈ ఊళ్ళో పుట్టలేదు. ఆ ఇంట్లో జీతం ఆ పాస్‌దే. ఆసుపత్రి కార్డు ఆ పాస్‌దే. దాలమ్మ చక్కెర మందులు, ఈశ్వరి థైరాయిడ్ మాత్రలు, ఆఖరికి వాడి తొడలో రాడ్ కూడా ఆ పాస్ పెట్టిన భిక్షే.

పక్కింటి సూర్యం గమ్హరియాలో డీజిలు మెకానిక్కు. కూర్మారావుకి ఈడువాడు. విని తల పట్టుకున్నాడు.

"ఒరే, రెండు లక్షల ఎనభై ఆరువేలంటే భూమి చుట్టూ ఏడుసార్లు తిరిగొచ్చినట్టురా. ఆ ఇంజినుకి మిగిలిందేటి?"

"డీజిలు బండికి అది పెళ్ళీడు. ఇప్పుడే కదా సెట్ అవుతాది."

"ఎవుడు సెప్పాడు?"

"సత్యప్రసాద్."

"అమ్మినోడు సెప్పాడా? నేనోసారి సూత్తాను, నన్ను తీసుకెల్లు."

"నువ్వు సూసి ఏటి సెయ్యాల? మా అత్త ఉన్నాది. ఆవిడ సూత్తాది."

విశ్వకర్మ పూజ ఇంకా పదిరోజులుంది. ఆ రోజు ఈ ఊళ్ళో చక్రమున్న ప్రతిదానికీ బంతిపూల దండ పడాల్సిందే, దండ వెయ్యడానికి బండి లేనివాడు మనిషే కాదు. అందుకే పాతబండ్ల వ్యాపారులు ఏడాదంతా అమ్ముడుపోని చెత్తని పూజముందు కడిగి బయటపెడతారు. సత్యప్రసాద్‌కి ఆదిత్యపూర్‌లో అలాంటి చెత్తల దొడ్డి ఒకటుంది. మనోడే, టెక్కలి వైపు. మనోడు కాబట్టే మనవాళ్ళని ముందు ముంచుతాడు.

ఆదివారం కూర్మారావు, ఈశ్వరి కలిసి దాలమ్మని ఆటోలో ఎక్కించుకుని తీసుకెళ్ళారు. ఆవిడ వస్తోందని తెలిసి సత్యప్రసాద్ మిగతా బండ్లన్నిటినీ వెనక్కి తోయించి టార్పాలిన్లు కప్పించాడు. పికప్ ఒక్కటే మధ్యలో నిలబడి ఉంది. కొత్త తెల్లరంగు, చూస్తే కళ్ళు చెదిరేంత. వెనకతలుపు మీద, చెడ్డకళ్ళతో చూసేవాడి మొహం మాడిపోవాలని హిందీలో రాసి ఉంది.

"పెద్దమ్మా, దండాలు," అన్నాడు సత్యప్రసాద్. "కూర్మన్నా, మీటరు సూడు. వెనక్కి తిప్పడం నాకు రాదనా? ముట్టుకోనేదు. గాడీ ఏక్‌దమ్ మక్ఖన్, ఎన్నముద్దే. పెద్దమ్మ చేత అనిపించుకో. తుప్పు పడితే డబ్బులొద్దు, బండి నా మొహాన కొట్టు."

దాలమ్మ బండి చుట్టూ ఒకసారి తిరిగింది. తలుపు వేసి చూస్తే అట్టపెట్టె మూసినట్టు డబ్బుమంది. సత్యప్రసాద్ మొహం, అల్లుడి ఇకిలింపు, ఆ తెల్లరంగు, అన్నీ కలిసి ఆవిడకి ఏవగింపు పుట్టించాయి. అల్లుడి మీదకి పోకుండా చూపు జాగ్రత్తగా బండిమీదే నిలిపి, పేగుల్లోంచి తీసి అంది, "ఛీ."

అందరూ టీ తాగారు. గంట గడిచింది. బండి తెల్లగానే ఉంది. సాయంత్రందాకా చూశారు. గోరంత మచ్చ కూడా లేదు.

దాలమ్మ ఛీకి పూట ఆగిన ఇనుముంది గానీ, అసలు రంగే మారని ఇనుము ఇంతవరకు లేదు. కూర్మారావు పొంగిపోయాడు. ఇంత గొప్ప లోహం లోకంలో లేదని, కంపెనీలో కూడా ఇలాంటిది పోతపొయ్యలేదని అక్కడున్న టీ అబ్బికి కూడా వివరించాడు. సగం సొమ్ములో తక్కువపడితే ఈశ్వరి మెడలో చైను అడిగాడు. ఆమె అక్కడే కొక్కెం విప్పి ఇచ్చింది. "సరేనండి" అంది కూడా. ఈ ఆడదానికి ఇంకోమాట నేర్పకుండా పంపిన దాలమ్మని ఏమనాలి?

అరవై ఎనిమిదేళ్ళకి తన నోరు పనికిరాకుండా పోయిందని దారి పొడుగునా దాలమ్మకి నిజంగానే భయం వేసింది. బస్తీకి ఆ వార్త ఆవిడకంటే ముందే చేరింది. మర్నాడు ఆ సందులో కుర్రకుంకలు సైకిళ్ళు ఎక్కి, గంటలు కొట్టుకుంటూ ఆవిడ ముందునుంచే పోయారు. నిన్నటిదాకా "పెద్దమ్మా" అని వంగినవాళ్ళే. మూడో రోజు ఒకడు ఆవిడ కుర్చీ పక్కన ఆగి, కావాలని రెండుసార్లు గంట మోగించాడు. ఆవిడ వాణ్ణి ఎగాదిగా చూసి ఛీ అంది. వాడు సందు చివరికి వెళ్ళేలోగా గొలుసు తెగి, హ్యాండిలు చేతిలోకి ఊడివచ్చింది.

దాలమ్మ లోపలికి వెళ్ళి కూతురితో అంది, "నా నోరు బాగానే ఉన్నాది. ఆ బండిలోనే ఏటో నేదు."

"ఏటి నేదమ్మా?"

"అదే తెలట్నేదు."

పూజరోజు పొద్దున్నే బండి సందులోకి వచ్చింది. బంతిపూలు, అరటిపిలకలు, అద్దం మీద పసుపుతో ఓం. కూర్మారావు తెల్లప్యాంటు, తెల్లచొక్కా కుట్టించుకున్నాడు, బండికి జోడీగా. బూందీ పొట్లాలు పంచుతూ ఒక్కొక్కడి మొహంకేసీ చూశాడు, ఓనర్ సాబ్ అంటారేమోనని. బూందీ తీసుకున్నారు గానీ ఎవరూ అనలేదు.

సూర్యం వచ్చాడు. కిందపడిన నట్లు ఏరుకునే అయస్కాంతం అతని జేబులో ఎప్పుడూ ఉంటుంది. బూందీ నోట్లో వేసుకుంటూ దాన్ని తీసి తలుపుకి అంటించాడు. జారి కిందపడింది. పక్కరేకుకి పెట్టాడు. పడింది. పైకప్పుకి, బానెట్‌కి, మడ్‌గార్డుకి. ఎక్కడ పెట్టినా అయస్కాంతం నేలమీదే. తర్వాత బానెట్ ఎత్తించి, ఇంజిను నడుస్తుండగా ఆయిలు పోసే మూత విప్పాడు. గుప్పుమని పొగ, పొగతోపాటు ఎర్రటి పొడి అతని చొక్కామీద పడింది.

"ఇనుమెక్కడున్నాదిరా దీనికి? పైనంతా ఫైబరు అట్టలు, పుట్టీ పూత. ఇనుమున్నది ఇంజినూ, కింద చాసీ. ఆటికి పట్టాల్సిన తుప్పు పట్టే ఉన్నాది, ఇదిగో. ఆయిల్లో మునిగుంది కాబట్టి ఇంకా తిరగతన్నాది. పైన పటారం, లోన లొటారం."

దాలమ్మ కుర్చీలోంచి లేచింది. "అదీ. ఇనుమే నేకపోతే తుప్పెక్కడ పడతాది బావూ? సత్యప్రసాద్ గాడికి నా సంగతి తెలుసు. తెలిసే సేసేడు. అల్లుడుగారూ, బండి తిరగ్గొట్టీయండి. పాస్ మాత్రం ఒగ్గీకండి."

ఇక్కడ కాస్త బుద్ధున్నవాడెవడైనా తల దించుకుని, బండి తిప్పుకుని, ఆదిత్యపూర్ వెళ్ళి సత్యప్రసాద్ కాలరు పట్టుకుంటాడు. కూర్మారావు ఆలోచించాడు. అతను ఆలోచిస్తుంటే బయటికే తెలుస్తుంది, నోరు కొంచెం తెరుచుకుంటుంది.

"ఫైబరైతే మరీ మంచిది కదా," అన్నాడు చివరికి. "జన్మలో తుప్పు పట్టదు."

సూర్యం చేతిలో మిగిలిన బూందీ కాకికి వేసి ఇంటికి పోయాడు.

"రేపు తొమ్మిదింటికి ఈ బండిలోనే కాంట్రాక్టరు ఆఫీసుకి ఎల్తాను," అన్నాడు కూర్మారావు మిగిలినవాళ్ళతో. "పాస్ ఆడి బల్లమీద ఇసిరికొట్టి, ఫైనల్ పట్టుకుని, కిటికీలోంచి బండి సూపిత్తాను."

మర్నాడు పొద్దున్న ఈశ్వరి టీ తెచ్చి తల్లికిచ్చి, అక్కడే నిలబడిపోయింది.

"అమ్మా."

"ఏటే?"

"ఆయన్ని ఒక్కమాట అను."

దాలమ్మ గ్లాసు గుమ్మంమీద పెట్టింది. పదకొండేళ్ళు ఎవరికోసం నాలుక కరుచుకుందో ఆ మనిషే అడుగుతోంది.

"ఆ కాలేటవుతాదో తెలుసా నీకు?"

"తెలుసు. క్లచ్చి నొక్కాలంటే ఆ కాలే కావాల. ఒక్కమాట అనీయి. కాలు పోతే పాస్ ఉంటాది. పాస్ పోతే ఏటీ ఉండదు."

"మొగుడే అతను నీకు."

"నాను కాదన్నానా?"

దాలమ్మ లేచి బండి దగ్గరకి వెళ్ళింది. కూర్మారావు అప్పటికే ఎక్కి కూర్చున్నాడు. తల నున్నగా దువ్వి, నుదుట గంధం పెట్టి, చేతిరుమాలుతో స్టీరింగు తుడుస్తున్నాడు. గేట్ పాస్ మెడలో పట్టీకి వేలాడుతోంది. అత్తని చూసి దాన్ని ఎత్తి చూపించాడు. "దీనికి ఆకరి రోజు అత్తా," అన్నాడు. మొహం వెలిగిపోతోంది.

ఆవిడ అతనికేసి కళ్ళార్పకుండా చూసింది. పదకొండేళ్ళలో మొదటిసారి గోడకేసి తిప్పుకోలేదు. పుట్టగొడుగులు తలుచుకుంది, నీళ్ళ డబ్బాలు తలుచుకుంది, కూతురి బోసిమెడ తలుచుకుంది. మాట కోసం లోపలంతా వెతికింది. చీమిడి కారే మూడేళ్ళ పిల్లాడు చెక్కబండి ఎక్కి కూర్చుని నవ్వుతున్నాడు, అంతే కనిపించింది. మింగి మింగి ఆ మాట ఆవిడ కడుపులో ఎప్పుడో అరిగిపోయింది. ఏవగింపు ఉంటే ఉండాలి, లేకపోతే లేదు. అరువు తెచ్చుకుంటే రాదు.

ఆవిడ వెనక్కి వచ్చింది. "నావల్ల కాదే," అంది. "జాలేత్తంది."

ఈశ్వరి వెళ్ళి నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టింది. కొబ్బరికాయ కొట్టి, నీళ్ళు ముందుచక్రం మీద పోసింది. హారతి వెలిగించి పళ్ళెం పట్టుకుని కిటికీ ముందు నిలబడింది. కూర్మారావు ఇంజిను స్టార్టు చేసి, దగ్గుతున్న బండిమీంచి పెళ్ళాన్ని చూశాడు.

"ఏటలా ఏడుపు మొహం? ఓనరు పెళ్ళానివి. నవ్వు."

ఈశ్వరి తలెత్తి చూసింది. ఇరవై ఒక్కేళ్ళ కాపురంలో ఆమె మొగుణ్ణి అలా నిలబెట్టి చూడడం ఎవరూ ఎరగరు. అన్ని సరేనండీలూ ఎక్కడికి పోతున్నాయో నేనూ ఎప్పుడూ ఆలోచించలేదు, ఒప్పుకుంటాను. తినే అన్నంలో వెంట్రుక వచ్చినప్పుడు ఆడవాళ్ళు అనుకునేంత మెల్లిగా, పక్కవాళ్ళకి వినపడనంత మెల్లిగా అంది.

"ఛీ."

తల్లి మెడ తిప్పి కూతురికేసి చూసింది.

కూర్మారావు ఎడమకాలు క్లచ్ మీద వేసి నొక్కాడు. సగం దిగింది. మోకాలి పైనుంచి, నూనెలేని తలుపు తీసినట్టు చప్పుడు వచ్చి కాలు అక్కడే ఆగిపోయింది. కిందకీ పోదు, పైకీ రాదు. తెల్లప్యాంటు మీద తొడ దగ్గర రూపాయంత ఎర్రమచ్చ పుట్టి, అరచెయ్యంత అయ్యింది. అతను కాలుకేసి చూశాడు, తర్వాత పెళ్ళాంకేసి చూశాడు. ఆమె హారతి పళ్ళెం కళ్ళకద్దుకుంటోంది. ఇంజిను ఇంకో నాలుగు దగ్గులు దగ్గి దానంతటదే ఆగిపోయింది. తొమ్మిది దాటింది, పది దాటింది. సూర్యం, ఇంకో ఇద్దరు కలిసి అతన్ని సీట్లోంచి దింపేసరికి పదిన్నర.

అదే పాస్ చూపించి ఇ.ఎస్.ఐ. ఆసుపత్రిలో చేర్చారు. డాక్టరు ఎక్స్‌రే చూసి, రాడ్ ఎముకతో కలిసి బిగుసుకుపోయింది, కదిపితే ఉన్నది కూడా పోతుంది, ఉంచెయ్యండి అన్నాడు. ఇక ఆ మోకాలు వంగదు. కాంట్రాక్టరు కింద క్రేను పని కుదరదు కాబట్టి, కంపెనీలోనే, పాత దెబ్బే తిరగబెట్టిందని రాసుకుని, లారీల కాటా దగ్గర చీటీలు రాసే స్టూలు ఇచ్చారు. ఎండలేదు, వానలేదు, జీతం పాతదే. ఆ స్టూలు కోసం పదేళ్ళుగా తిరుగుతున్నవాళ్ళు కుళ్ళుకున్నారు. పికప్‌ని మిగతా సొమ్ము రాలేదని సత్యప్రసాద్ గొలుసేసి లాక్కుపోయాడు, ఈశ్వరి చైను మాత్రం తిరిగి రాలేదు. ఆ బండికి ఈసారి నీలంరంగు వేశాడని, గమ్హరియాలో ఎవడో కొనడానికి తిరుగుతున్నాడని వినికిడి. కొంటాడు, వెధవలకి కొరతేముంది?

ఇంట్లో ఎవరూ ఆ రోజు సంగతి ఎత్తలేదు. దాలమ్మ మాత్రం పులుసులో ఉప్పెక్కువైనా బాగుందనే అంటోంది. బస్తీవాళ్ళు పాతసామాను పట్టుకొస్తే "ఆ పిల్లకి సూపించండి" అని లోపలికి చెయ్యి చూపిస్తోంది.

కాటా మీద కుదురుకున్న రెండో నెలలో ఒక పొద్దున్న, ఈశ్వరి టిఫిను డబ్బా సర్దుతుంటే కూర్మారావు గొంతు సవరించుకున్నాడు.

"బిర్సానగర్‌లో ఒక ఆటో ఉన్నాదట. పాతదే గాని..."

ఈశ్వరి డబ్బా మూత పెట్టి, తాపీగా అతనివైపు తిరిగింది.

కూర్మారావు కుడికాలు వెనక్కి లాక్కున్నాడు. ఆ కాల్లో ఇనుమేమీ లేదు. అయినా మాట అక్కడితో మింగేసి, "సరేలే" అని, డబ్బా అందుకుని డ్యూటీకి బయల్దేరాడు.